‘వాడికేం కాలేదుగా’ అంటే సరిపోదు

మన మెల్‌బోర్న్ తెలుగు సంఘం వినాయక చవితి సభలో ఈసారి పిల్లల సన్మానం భోజనాలకి ముందే జరిగింది. ప్రవేశ పరీక్ష రాసి సెలెక్టివ్ స్కూళ్ళలో సీట్లు తెచ్చుకున్నవాళ్ళు, అరంగేట్రం చేసినవాళ్ళు, తెలుగు బడి పూర్తి చేసినవాళ్ళు అయిపోయాక ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఆడే పిల్లల్ని వేదిక మీదకి పిలిచారు. మంచి పనే. టార్నీట్, ట్రుగనీనా శివార్లలో మన పిల్లలు క్రికెట్ బ్యాటు తప్ప ఇంకోటి పట్టరన్న మాట పోవాలని నాకూ ఎప్పట్నించో ఉంది. పిల్లలు వరసగా నిలబడ్డాక వెనక తెర మీద ఒక వీడియో వేశారు. అండర్-14 మ్యాచ్‌లో మనవాడొకడు అవతలి టీము కుర్రాణ్ణి వెనకనుంచి చుట్టేసి, రెండు చేతులూ ఒంటికి బిగించి, గిర్రున తిప్పి నేలకేసి కొట్టిన వీడియో. స్లో మోషన్‌లో మళ్ళీ వేశారు. హాలంతా ఈలలు. ఆ తర్వాత తెర మీద అంపైర్ పసుపు కార్డు తియ్యడం కనపడగానే మైకు పట్టుకున్నాయన, “ఈ అంపైరమ్మకి మన సంఘం తరఫున కళ్ళజోడు కొనిపెడదామండీ” అన్నాడు. హాలంతా నవ్వులు.

ఆ అంపైరమ్మ అదే హాల్లో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది. పదహారేళ్ళ పిల్ల. మన పిల్లే. పొద్దున్నించీ వంటగదిలో నిలబడి పులిహోర పొట్లాలు కట్టింది. నవ్వులు ఆగేదాకా తల దించుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. భోజనాలకి ఆగకుండా తల్లీ కూతుళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఆ మైకాయనకి ఆమె అక్కడుందని తెలియదని తర్వాత గ్రూపులో రాశారు. తెలియకపోతే మాత్రం ఆ మాట అనొచ్చా అన్నది నా మొదటి ప్రశ్న. అయితే ఈ వ్యాసం మర్యాద గురించి మాత్రమే కాదు. ఆ అమ్మాయి ఇచ్చిన తీర్పు సరైనది. అది చెప్పడానికే రాస్తున్నాను.

నేను ఆ మ్యాచ్‌లో ఉన్నాను. మనవాడి టీముకే ట్రైనర్ని. ఆస్పత్రిలో నర్సుని కాబట్టి, ఎవరికైనా దెబ్బ తగిలితే బ్యాగు పట్టుకుని లోపలికి పరిగెత్తే పని క్లబ్బువాళ్ళు నాకప్పగించారు. ఆ రోజు మా నాన్న కూడా నాతో వచ్చారు. ఆయన తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్ళలో సంక్రాంతి కబడ్డీ పోటీలు జరిగితే విజిల్ ఆయన మెళ్ళోనే ఉండేది. ఫుటీ ఆయనకి పూర్తిగా కొత్త. మంకీ క్యాపు, దాని మీద మా అబ్బాయి క్లబ్బు స్కార్ఫు చుట్టుకుని, “ఈ కోలబంతి నేల మీద పడితే ఎటు లేస్తుందో వాళ్ళకైనా తెలుసా అమ్మా?” అని అడుగుతూ మొదటి క్వార్టరంతా చూశారు. రెండో క్వార్టరుకి బంతిని వదిలేసి మనుషుల్ని చూడ్డం మొదలుపెట్టారు. రెఫరీ పని చేసినవాళ్ళ చూపు అలాగే ఉంటుందేమో. ఎవరి కాలు ఎక్కడుంది, ఎవరి బరువు ఎటు వాలుతోంది, అదే చూస్తున్నారు.

మూడో క్వార్టర్లో జరిగింది అది. అవతలి కుర్రాడు బంతి అందుకుని ఇటు తిరిగేలోపు మనవాడు వెనకనుంచి వచ్చి పట్టేశాడు. మంచి పట్టు. భుజాలకి కింద, మోకాళ్ళకి పైన. అంతవరకూ రూలు ప్రకారమే. గీత బయట నిలబడ్డ తల్లిదండ్రులంతా అలవాటుగా “బాల్!” అని అరిచారు. ఆ అరుపులో నాన్న నా మోచెయ్యి పట్టుకుని, “చేతులు రెండూ కట్టేశాడమ్మా, ఇంక వాడు దేని మీద పడతాడు?” అన్నారు. ఆయన మాట పూర్తికాకముందే విజిల్ మోగింది. కానీ అప్పటికే మనవాడు తిప్పేశాడు. ఆ పిల్లాడి భుజం, చెవి ఒకేసారి తడి నేలకి తగిలాయి.

వాళ్ళ ట్రైనరూ నేనూ ఇద్దరం పరిగెత్తాం. “మనం ఏ గ్రౌండులో ఉన్నాం? ఎన్నో క్వార్టరు? చివరి గోల్ ఏ టీము కొట్టింది?” అని అడిగితే అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. కాసేపు బయట కూర్చుని, పరీక్షలన్నీ అయ్యాక నాలుగో క్వార్టర్లో మళ్ళీ ఆడాడు. ఈలోపు అంపైర్ ఆ పిల్లాడికి ఫ్రీ కిక్ ఇచ్చి, మనవాడికి పసుపు కార్డు చూపించి బయటికి పంపింది. అక్కడ మొదలైంది గోల. “వాడికేం కాలేదుగా! లేచి ఆడుతున్నాడుగా! కార్డెందుకు?” మనవాళ్ళలో ఒక తండ్రి మ్యాచ్ అయ్యేదాకా గీత వెంబడి నడుస్తూ ఆమెని తిడుతూనే ఉన్నాడు. చివర్లో చొక్కా మీద బిబ్ వేసుకున్న ఎస్కార్టు తోడుంటే తప్ప ఆ పిల్ల గ్రౌండు దాటి గదిలోకి వెళ్ళలేకపోయింది.

ఏమీ కాలేదు, నిజమే. సరిగ్గా అందుకే ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి.

ఈ ఆటలో టాకిల్‌కి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడానికి, ఒక బహుమతి ఉంది. బంతి పట్టుకున్నవాడికి దాన్ని వదిలించుకునే అవకాశం ముందే దొరికినా వదలకుండా ఉండి, సరైన టాకిల్ పడగానే కాలితో తన్నడమో, పిడికిలితో కొట్టి అందించడమో చెయ్యలేకపోతే, హోల్డింగ్ ద బాల్ కింద ఫ్రీ కిక్ టాకిల్ చేసినవాడికి వస్తుంది. మన అరుపు “బాల్!” దానికోసమే. అంటే చేతులు కట్టేస్తే లాభం. చేతులు కదలకపోతే బంతి బయటికి పోదు. ఏళ్ళ తరబడి కోచ్‌లు చేతులతో సహా కట్టెయ్యమనే నేర్పారు. కానీ పడేటప్పుడు మనిషి తలని కాపాడుకునేది కూడా ఆ చేతులతోనే. టాకిల్‌లో గెలిపించేదే తలకి ముప్పు తెచ్చిపెడుతోంది. ఎవరో దుర్మార్గపు పిల్లలు ఉన్నారని కాదు, రూలే అటు తోస్తుంది. అది తెలిసిన అంపైర్ కావాలి.

ఈ ఆటలో దేశంలోకెల్లా పెద్ద పోటీ ఏఎఫ్‌ఎల్. తప్పు చేసిన ఆటగాళ్ళని విచారించే దాని ట్రైబ్యునల్ మార్గదర్శకాలు ప్రమాదకరమైన టాకిల్‌ని గుర్తుపట్టడానికి కొన్ని సంగతులు చూడమంటాయి. పట్టుకోవడంతో ఆగకుండా రెండో చర్య ఉందా. పైకెత్తడం, తలకిందులుగా దించడం లాంటివి ఉన్నాయా. పడేవాడు చేతులు బిగిసిపోయి తనని కాపాడుకోలేని స్థితిలో ఉన్నాడా. విసరడంలో, తిప్పడంలో, నేలకి అదమడంలో అవసరానికి మించిన బలం వాడారా. మన తెర మీద ఈలలు పడ్డ ఆ టాకిల్‌లో వీటిలో మూడున్నాయి. చుట్టడం ఒక చర్య, తిప్పడం రెండో చర్య, చేతులు కట్టి ఉన్నాయి, నేలకి కొట్టిన బలం అందరికీ కనపడింది. పడినవాడికి దెబ్బ తగిలిందా లేదా అన్నది ఆ గుర్తుల్లో లేదు. శిక్ష ఎంతన్నది తేల్చేటప్పుడు దెబ్బ తీవ్రత చూస్తారు, అది వేరే లెక్క. మైదానంలో అంపైర్ చూడవలసింది చేసిన పనిని.

దీనికి పూర్తిగా తలకిందులైన ఉదాహరణ పెద్దవాళ్ళ ఆటలోనే ఉంది. 2017లో కాలింగ్‌వుడ్ ఆటగాడు బ్రోడీ గ్రండీ, నార్త్ మెల్‌బోర్న్ ఆటగాడు బెన్ బ్రౌన్‌ని చేతులు కట్టేసి కింద పడేశాడు. బ్రౌన్ స్పృహ తప్పాడు. మైదానంలో ఫ్రీ కిక్ మాత్రం గ్రండీకే ఇచ్చారు, హోల్డింగ్ ద బాల్ అని. ఆ తర్వాత వారంలో అదే టాకిల్‌కి గ్రండీకి రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. మైదానంలో బహుమతి, కొన్నాళ్ళకే శిక్ష, రెండూ ఒకే పనికి. అంతకు ముందు వారమే జీలాంగ్ ఆటగాడు పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్, కార్ల్‌టన్ ఆటగాడు మాథ్యూ క్రూజర్‌ని అలాగే చేతులు బిగించి పడేసి ఒక మ్యాచ్ నిషేధం తెచ్చుకున్నాడు. దానితో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ (Brownlow) పతకానికి అర్హత పోయింది.  దేశమంతా ఆ సీజన్లో ఈ టాకిల్ గురించే మాట్లాడుకుంది.

అంత పేరున్న ఆటలో, అంత అనుభవమున్న అంపైర్లు గ్రౌండు మీద పట్టుకోలేకపోయినదాన్ని మన పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా పట్టుకుంది. ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లో 2023 నుంచి నలుగురు ఫీల్డ్ అంపైర్లు ఉంటున్నారు, చుట్టూ కెమెరాలు. మన పిల్లల మ్యాచ్‌లో ఒకరో ఇద్దరో. రీప్లే లేదు. మనం హాల్లో స్లో మోషన్‌లో మళ్ళీ మళ్ళీ చూసి ఈల వేసినదాన్ని, ఆమె పరిగెత్తుతూ ఒక్కసారే చూసి తప్పని చెప్పింది.

అవతలి వాదన కూడా చెప్పాలి. ఆ తండ్రి తర్వాత నాతో చాలాసేపు మాట్లాడాడు. “వాడికి పదమూడేళ్ళండీ. పరిగెత్తేవాణ్ణి పట్టుకుంటే ఇద్దరూ తిరుగుతారు. అర సెకనులో ఎవడు ఆలోచిస్తాడు?” అన్నాడు. నిజమే. ఒకడి వేగం ఇంకొకడి మీద పడితే తిరగడం సహజం, ప్రతి తిరుగుడూ విసరడం కాదు. పైగా పెద్దల ట్రైబ్యునలే ఒక మాట మీద నిలబడదు. 2024లో బ్రిస్బేన్ ఆటగాడు చార్లీ కామెరాన్, మెల్‌బోర్న్ ఆటగాడు జేక్ లీవర్‌ని పడేసినప్పుడు, మంచి రికార్డు ఉందని నిషేధం తీసేసి జరిమానాతో వదిలారు. అదే ఏడాది జూలైలో కామెరాన్ లియామ్ డగ్గన్ మీద చేసిన టాకిల్‌కి, ఇంకో ఆటగాడు టోబీ బెడ్‌ఫోర్డ్ టిమ్ టరాంటో మీద చేసినదానికి మూడేసి మ్యాచ్‌లు వేస్తే, అప్పీల్స్ బోర్డు రెండూ కొట్టేసింది. ఇంతమంది లాయర్లు, ఇన్ని కెమెరాల మధ్యే ఏది తప్పో తేలనప్పుడు పిల్లలకి ఎలా తెలుస్తుంది అన్నది న్యాయమైన ప్రశ్నే. టాకిల్ కోసం తలని ముందుకి వంచి ఫ్రీ కిక్ అడుక్కునే ఆటగాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళకి ఫ్రీ కిక్ ఇవ్వొద్దని 2022లో అంపైర్లకి స్పష్టంగా చెప్పారు కూడా.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ గందరగోళమంతా నిషేధం వెయ్యాలా వద్దా, వేస్తే ఎంత అన్నదాని గురించి. మన అమ్మాయి ఎవరినీ నిషేధించలేదు. ఆట ఆపింది, బంతి పడినవాడికిచ్చింది, పట్టినవాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టింది. పదమూడేళ్ళవాడు నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. ఆ అర సెకనులో వాడు ఆలోచించలేడు, నిజం. అందుకే ముందు ప్రాక్టీసులో ఒళ్ళు నేర్చుకోవాలి, మ్యాచ్‌లో విజిల్ గుర్తు చెయ్యాలి. ఒక చెయ్యి వదలడం, తిప్పకుండా తనే పక్కకి వాలి పడేవాణ్ణి తన మీదకి తీసుకోవడం, ఇవి నేర్పితే వస్తాయి. మా క్లబ్బులో కోచ్ ప్రతి బుధవారం మ్యాట్ల మీద ఇదే చేయిస్తాడు. ఆ బుధవారాలు పిల్లాణ్ణి ట్యూషన్‌కి పంపి ఆదివారం మ్యాచ్‌కి మాత్రం తెచ్చే తల్లిదండ్రులు ఎవరో మీకూ తెలుసు.

నర్సుగా చెప్పవలసింది కూడా ఉంది. 2024 నుంచి కమ్యూనిటీ ఫుట్‌బాల్‌లో కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అయిన ఆటగాడు కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. ఏఎఫ్‌ఎల్‌లో కనీసం 12 రోజులు. అక్కడ ఆటగాళ్ళని డాక్టర్లు దగ్గరుండి చూస్తారు, మనకి ఆ వసతి లేదు, అందుకే ఈ తేడా అని కొందరు తల్లులకి నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. రిచ్‌మండ్‌కి ఆడిన షేన్ టక్ 2020లో 38 ఏళ్ళకి ప్రాణం తీసుకున్నాడు. అతని మెదడులో తీవ్రమైన సీటీఈ బయటపడింది. అంటే తలకి పదే పదే తగిలే దెబ్బలతో ముడిపడిన జబ్బు. అడిలైడ్ మహిళల టీములో ఆడిన హీథర్ ఆండర్సన్ 2022లో 28 ఏళ్ళకి పోయింది. ఆమె మెదడులోనూ సీటీఈ కనపడింది. ఒక్క టాకిల్‌తో ఇవన్నీ వస్తాయని భయపెట్టను. పైకి ఏమీ కనపడని దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయని మాత్రం ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. “లేచి ఆడాడుగా” అన్నమాట నాకు వార్డులో వినపడినంత భయంగా ఇంకెక్కడా వినపడదు.

ఆ ఈలలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలుసు. 2021 జనాభా లెక్కల నాటికే ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం 59 వేలు దాటాం. అయినా స్కూల్లో మన మగపిల్లలంటే లెక్కల పిల్లలు, బక్కపలచటివాళ్ళు, టాకిల్ అంటే పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆ తెర మీద మనవాడు ఒక దిట్టమైన కుర్రాణ్ణి తిప్పి పడేస్తే ఆ హాల్లో ప్రతి తండ్రికీ ఏదో తీరినట్టయింది. మా ఆయన కూడా ఈల వేశాడు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ బాకీ ఇంకొకరి పిల్లాడి తల మీద తీర్చుకోవడం మనకి తగదు. చిన్నప్పట్నించీ మన ఇళ్ళలో ఇదే వింటాం. పడి ఏడిస్తే “రక్తం రాలేదుగా, లే” అంటారు. కొట్టినవాణ్ణి అడిగేది “వాడికేమైనా అయిందా” అనే. ఏమీ కాకపోతే తప్పు లేనట్టే. స్కూల్లో బెత్తం దెబ్బకీ ఇదే కొలత, ఇంట్లో చెంపదెబ్బకీ ఇదే కొలత. ఆ కొలతని విమానమెక్కించి ఇక్కడికి కూడా తెచ్చుకున్నాం.

మన ఊళ్ళ ఆటని నెత్తికెత్తుకోవాలని కాదు గానీ, కబడ్డీ మనకి ఇలా నేర్పలేదు. నాన్న దగ్గర పాత రూలు పుస్తకం ఉంది. రైడర్ నోరు మూస్తే ఫౌల్. గొంతు పట్టుకుంటే ఫౌల్. కాళ్ళతో కత్తెర వేస్తే ఫౌల్. గాయమయ్యేలా మొరటుగా పడితే ఫౌల్. ఒక సంక్రాంతికి మా పక్క ఊళ్ళో, గెలిచే పట్టుని నాన్న కత్తెర అని కొట్టేశారు. పందిట్లో జనం లేచారు. కుర్చీలు విసిరారు. ఆయన విజిల్ నోట్లోనే పెట్టుకుని, చెయ్యి దించకుండా నిలబడ్డారు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, “ఆ కుర్రాడు గెలిచేవాడే. మోకాలు పోయాక గెలిచేం చేస్తాడు” అన్నారు. మట్టిలో, ఎండలో, చొక్కాలు విప్పి ఆడే ఆ ఆటలో ఎంత మొరటుతనం కనపడినా, పట్టుబడ్డవాణ్ణి లేవదీసేది మళ్ళీ పట్టినవాడే. 2024 డిసెంబర్ 28న ఇక్కడ జాన్ కెయిన్ అరీనాలో ప్రో కబడ్డీ ప్రదర్శన పెట్టినప్పుడు మాజీ ఏఎఫ్‌ఎల్ ఆటగాళ్ళు కూడా దిగి ఆడారు. మనం మొత్తం కుటుంబాలతో వెళ్ళి చప్పట్లు కొట్టాం. ఆ రోజు రెఫరీని ఎవరం తిట్టలేదే. మన ఆటకి ఇచ్చిన గౌరవం ఈ ఆటకి కూడా ఇవ్వలేమా?

2017లో ఎలెని గ్లౌఫ్‌ట్సిస్ ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌కి ఫీల్డ్ అంపైర్‌గా దిగిన మొదటి మహిళ అయింది. ఆమె వెనక ఇప్పుడు ఎంతోమంది అమ్మాయిలు వస్తున్నారు. మన ఇళ్ళలోంచి ఒకమ్మాయి వచ్చింది. అది మన సంఘం పత్రికలో ఫోటోతో వేసుకోవలసిన వార్త. మనం ఆమెకి కళ్ళజోడు కొనిపెడతామన్నాం. వచ్చే సీజన్లో విజిల్ పట్టుకోనని వాళ్ళమ్మతో అందట. కమ్యూనిటీ ఫుట్‌బాల్‌లో అంపైర్ల కొరత ఎప్పుడూ ఉన్నదే. తిట్లు పడలేక మానేసే స్కూలు పిల్లలూ ఉన్నారు. అంపైర్ లేకపోతే మ్యాచ్ లేదు. లేదా ఎవరో తండ్రి విజిల్ పట్టుకోవాలి. అప్పుడు తెలుస్తుంది ఆ అర సెకను ఎంత చిన్నదో.

కమిటీవారికి నా మనవి ఇది. ఆ వీడియో మన ఫేస్‌బుక్ పేజీలో ఇంకా ఉంది, దయచేసి తీసెయ్యండి. అందులో పడిన పిల్లాడి మొహం కూడా కనపడుతోంది. వాళ్ళమ్మని మనం అడగలేదు. మనవాణ్ణి సన్మానించడానికి వేరే క్లిప్పు కావాలంటే నేనిస్తాను. అదే మ్యాచ్ చివర్లో వాడు పట్టిన మార్కు (గాల్లో బంతిని అందుకునే క్యాచ్) ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. మైకు పట్టుకున్నాయన మంచివాడే, పదేళ్ళుగా మన పండగలన్నీ భుజాన వేసుకుని చేస్తున్నాడు. ఆయన ఆ ఇంటికి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడాలి. ఫోన్ కాదు, మనిషే వెళ్ళాలి. దీపావళి సభలో ఆటగాళ్ళతో పాటు అంపైరింగ్ చేసే మన పిల్లల్ని కూడా వేదిక మీదకి పిలవండి. నాకు తెలిసి ముగ్గురున్నారు, వెతికితే ఇంకా ఉంటారు. సీజనుకి ముందు జరిగే అంపైర్ల శిక్షణకి తల్లిదండ్రుల్ని కూడా తీసుకుంటారు. కనీసం నలుగురైదుగురం వెళ్దాం. పేర్లు నేను రాసుకుంటాను, మొదటి పేరు నాదే, రెండోది మా ఆయనది. కొత్త సీజన్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యేలోపు ఇవి చేస్తే ఆ అమ్మాయి మనసు మార్చుకోవడానికి ఇంకా టైముంటుంది.